బావమరిది పై పోర్షన్ వదలడం లేదు

ప్రశ్న: మాది గుంటూరు. నా సంపాదనతో కట్టుకున్న ఇల్లు, నా పేరు మీదే ఉంది. ఏడేళ్ల కిందట వ్యాపారం దెబ్బతిన్న మా బావమరిదికి పై పోర్షన్ ఇచ్చాం. అద్దె లేదు, కాగితం లేదు. అబ్బాయికి పెళ్లి కుదిరింది, ఖాళీ చెయ్యమంటే ‘నా ఆధార్, గ్యాస్ ఇక్కడే ఉన్నాయి బావా, పన్నెండేళ్లు నిండితే ఇల్లు నాదే’ అంటున్నాడు. వాళ్లు ఊరెళ్లినప్పుడు తాళం వేసేస్తే సరిపోదా?

జవాబు: తాళం మాట మర్చిపోండి. కరెంటు తీసేయడం, నీళ్లు ఆపేయడం కూడా వద్దు. మనిషిని మీ అంతట మీరు గెంటేస్తే ఆయన ఆరు నెలల్లోపు స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద దావా వేయొచ్చు, ఆ దావాలో ఇల్లు ఎవరిదన్నది చూడరు, ఉంటున్నవాణ్ణి ఎలా వెళ్లగొట్టారన్నదే చూస్తారు. చేతిలో ఉన్న బలాన్ని మీరే పోగొట్టుకున్నట్టు.

పన్నెండేళ్ల భయం మాత్రం పెట్టుకోకండి. అది యజమాని హక్కును ఒప్పుకోకుండా, ఇల్లు నాదేనని బాహాటంగా అనుభవించేవాడి సంగతి. మీరు రమ్మంటే వచ్చిన చుట్టం ఎన్నేళ్లున్నా హక్కుదారు కాడని గోవాలో సోదరి ఇంట్లో సోదరుడు ఉండిపోయిన కేసులో 2012లో సుప్రీంకోర్టు తేల్చేసింది. ఆధార్ మీద అడ్రసు ఉంటే ఇల్లు వచ్చేస్తుందా, మన ఊళ్లలో సగం మంది అద్దె ఇళ్లకు ఓనర్లయ్యేవాళ్లు! ‘ఇంకో ఆరు నెలలు ఉండనివ్వు బావా’ అని ఆయన ఎప్పుడైనా వాట్సాప్‌లో పెట్టి ఉంటే ఆ మెసేజ్ చెరపకండి, మీ అనుమతితోనే ఉంటున్నాడనడానికి అంతకు మించిన సాక్ష్యం లేదు. ఇంటి పన్ను రసీదులూ దాచండి. ఇప్పుడు అద్దె కింద పైసా తీసుకోవద్దు, ఫోన్‌పేలో పడిన రెండు వేలు చూపించి ‘నేను కిరాయిదారుణ్ణి’ అంటాడు.

లాయరుతో నోటీసు ఇప్పించండి: అనుమతి రద్దు చేస్తున్నాను, నెల రోజుల్లో ఖాళీ చెయ్యండి అని. కదలకపోతే ముందు న్యాయసేవాధికార సంస్థలో అర్జీ పెట్టండి, కోర్టు ఫీజు ఉండదు, లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే అది కోర్టు డిక్రీతో సమానం. అక్కడా తెగకపోతే సివిల్ కోర్టులో స్వాధీనం కోసం దావా, నోటీసు గడువు తర్వాత ఉన్న కాలానికి నష్టపరిహారం కూడా అడగండి. దావాకి టైం పడుతుంది, పెళ్లిలోపు తేలుతుందని మాత్రం అనుకోకండి. పోలీసుల దగ్గరికి వెళ్తే సివిల్ తగాదా అని పంపించేస్తారు.

నోటీసు పంపే ముందు మీ ఆవిడకు చూపించండి, తమ్ముడు ఫోన్ చేసి చెబితే తెలిసేలా చెయ్యకండి.