బస్సులో జరిగినదానికి మనకేం సంబంధం?

ప్రశ్న: జడ్చర్ల దగ్గర ఓ మందుల కంపెనీ ప్యాకింగ్ సెక్షన్‌లో షిఫ్ట్ ఇన్‌ఛార్జిని. కంపెనీ బస్సులో మా మెకానిక్ ఒకతను రోజూ పక్కన చేరి ఒళ్లు తాకిస్తున్నాడని ఓ అమ్మాయి నాతో చెప్పింది. తను కాంట్రాక్టు వర్కర్. ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడి, ఆమెను వేరే షిఫ్టుకు మారుద్దామనుకుంటున్నా. పోష్ (పనిచేసే చోట లైంగిక వేధింపుల నివారణ) శిక్షణ అంటూ గంటసేపు స్లైడ్లు చూపించి సంతకాలు తీసుకున్నారు. ఇలాంటప్పుడు ఏం చేయాలో మాత్రం చెప్పలేదు.

జవాబు: ముందు ఆ పంచాయితీ ఆలోచన మానండి. 2013 నాటి పోష్ చట్టం ప్రకారం రాజీ ప్రయత్నమైనా ఆమె కోరితేనే, అదీ ఇలాంటి ఫిర్యాదులు విచారించే కంపెనీ అంతర్గత కమిటీయే చేయాలి. డబ్బుతో సర్దుబాటు అసలే కుదరదు. షిఫ్టు మార్పు కూడా అంతే. విచారణ నడుస్తుండగా ఆమె రాసిస్తే కమిటీ సిఫారసు చేయవచ్చు. మీరే మార్చేస్తే, నోరు విప్పినందుకు శిక్ష పడింది ఆమెకేనని సెక్షనంతా అనుకుంటుంది.

కంపెనీ ఏర్పాటు చేసిన బస్సూ చట్టం దృష్టిలో పనిచేసే చోటే. కాంట్రాక్టు వర్కరూ ఉద్యోగే. ‘కాంట్రాక్టర్ చూసుకుంటాడు’ అని హెచ్‌ఆర్ అంటే ఒప్పుకోకండి.

నేను కొన్ని కంపెనీల కమిటీల్లో బయటి సభ్యురాలిని. సూపర్‌వైజర్లకు శిక్షణ ఇవ్వమంటే స్లైడ్లు పక్కన పెట్టి, ఒకరిని ఫిర్యాదు చెప్పమంటాను, ఇంకొకరిని వినమంటాను. వినేవాళ్ల నోట మొదట వచ్చే మాట దాదాపు ఎప్పుడూ ఒకటే: ‘వాడా? అలాంటోడు కాదే!’ ఆ మాటతో ఎదుటి మనిషి నోరు మూతపడుతుంది. దాని బదులు ‘చెప్పి మంచి పని చేశావమ్మా. కమిటీలో ఫలానా మేడమ్ ఉన్నారు, నీకు ఇష్టమైతే కలుద్దాం’ అనడం సాధన చేయిస్తాను. మొదట్లో నవ్వుతారు, అయినా వదలను. శిక్షణ ఎప్పటికప్పుడు ఇప్పించాల్సిన బాధ్యత యజమానిదేనని 19వ సెక్షన్ చెబుతోంది. సంతకాల కాగితంతో అది తీరదు.

ఆమెకు ఫిర్యాదు రాయడం రాకపోతే రాసుకోవడానికి కమిటీ సభ్యులే సాయపడాలి. ఫిర్యాదు ఇవ్వడానికి గడువు, చివరి ఘటన నుంచి మూడు నెలలు. తగిన కారణం ఉంటే కమిటీ మరో మూడు నెలలు పొడిగించవచ్చు. రాయనంటే బలవంతపెట్టకండి, ఊరంతా చాటకండి. ఈలోపు బస్సులో ముందు సీట్లు ఆడవాళ్లకు కేటాయించమని ట్రాన్స్‌పోర్ట్ వాళ్లతో చెప్పండి. దానికి ఎవరి ఫిర్యాదూ అక్కర్లేదు.