స్కిజోఫ్రెనియా ఉన్న తమ్ముడిని ఆసుపత్రి నాటకంలో వేయనివ్వచ్చా?

మీ తమ్ముడున్న వార్డులో నాటకం వేయిస్తామంటున్నారు, దాంతో జబ్బు ముదురుతుందేమోనని మీ టెన్షన్. చూసే డాక్టరుగారు సరేనంటే వేయనివ్వండి. నేను డాక్టర్ని కాను. పరిషత్తు నాటకాలు ఆడేవాణ్ణి, ఒక మానసిక ఆసుపత్రిలో కొన్నాళ్లు రోగులతో నాటికలు వేయించాను.

నేను చూసినంతలో మేలంతా రిహార్సల్లోనే ఉంది. ఎదుటివాడి డైలాగ్ అయ్యేదాకా ఆగాలి, తన వంతు రాగానే అందుకోవాలి. రేపు పదింటికి తన కోసం నలుగురు ఎదురుచూస్తారు. నెలల తరబడి గోడవైపు తిరిగి పడుకున్న మనిషికి ఇది తక్కువేమీ కాదు.

మేం వేసింది రైల్వే ప్లాట్‌ఫాం మీద నడిచే హాస్య నాటిక. ఒకాయనకు మందుల వల్ల కాళ్లు ఒక్కచోట నిలిచేవి కావు. టీ అమ్మే వేషం ఇచ్చాం, ఎంత తిరిగినా పాత్రకు సరిపోతుందని. మందులకు అందరి నోళ్లూ ఎండిపోతుంటాయి కదా, ఆయన కెటిల్లో మంచినీళ్లు పోసేవాళ్లం. మొదట్లో ‘చాయ్’ అన్న మాటే గొంతు దాటలేదు. పోనుపోనూ స్టేషన్‌మాస్టర్ డైలాగ్ మర్చిపోతే, గ్లాసు అందిస్తూ ‘బండి లేటని చెప్పండి సార్’ అని ఈయనే గుర్తుచేసేవాడు.

కథేమిటో ముందే అడగండి. తన బతుకునే తను ఆడి చూపించే సైకోడ్రామా వేరు. దాన్ని మొదలుపెట్టిన జేకబ్ మొరేనో 1936లో న్యూయార్క్ దగ్గర బీకన్‌లో ఆసుపత్రి పెట్టి, అక్కడే స్టేజీ కూడా కట్టించాడు. అది శిక్షణ ఉన్న థెరపిస్టు చేయించాల్సిన పని, నాలాంటివాళ్లు వేలు పెట్టకూడదు.

చూసేదెవరో కూడా కనుక్కోండి. పారిస్ పక్కన షారెంటన్ మానసిక ఆసుపత్రిలో, అక్కడే నిర్బంధంలో ఉన్న ఫ్రెంచ్ రచయిత మార్క్విస్ డి సాద్ రోగులతో నాటకాలు వేయిస్తే ఊళ్లో గొప్పవాళ్లంతా వచ్చేవారు. 1813లో ప్రభుత్వం ఆపించింది. ఆ గొప్పవాళ్లలో నాటకం కోసం వచ్చినవాళ్లెందరో, రోగుల్ని వింతగా చూడ్డానికి వచ్చినవాళ్లెందరో నాకు అనుమానమే! మన దగ్గర 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, చికిత్సలో ఉన్న మనిషి ఒప్పుకోకుండా ఫొటో మీడియాకు ఇవ్వకూడదు. ఆ మాట నిర్వాహకులకు గట్టిగా చెప్పండి.

జబ్బు నాటకంతో తగ్గుతుందని ఎవరైనా అంటే నమ్మకండి, మందులు ఆపనివ్వకండి. మీవాడు స్టేజీ ఎక్కనంటే బలవంతపెట్టొద్దు. తెర లాగడమో, పక్కనుంచి డైలాగులు అందించే ప్రాంప్టింగో ఇమ్మనండి.