చదువుకునేవాళ్లకు బ్యాంకు ఖాతా మేలా, ఊళ్లో పొదుపు సంఘం మేలా?

హన్మకొండలో డిగ్రీలో చేరారు, బ్యాంకులో ఖాతా తెరవాలా, ఊళ్లో పొదుపు సంఘంలో చేరాలా అని అడిగారు. బ్యాంకు ఖాతా ఎలాగూ తప్పదు. స్కాలర్‌షిప్ పైసలు ఆధార్ లింకైన ఖాతాలోనే పడతాయి, ఫోన్‌పే కూడా దాంతోనే నడవాలి. కానీ సంఘాన్ని మాత్రం వదలకండి. నాకు హాల్ టికెట్ చేతికొచ్చింది సంఘం వల్లే.

ఫైనలియర్‌లో మాకు ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదు. బాకీ 18,000 కడితేనే హాల్ టికెట్ ఇస్తామన్నారు కాలేజీవాళ్లు. పరీక్షలకు ఐదు రోజులే ఉంది. నా ఖాతా ఉన్న బ్యాంకుకు పోయి అప్పు అడిగితే, నాన్న జీతం స్లిప్పు తెమ్మన్నారు. నాన్న కౌలుకు చేస్తాడు, స్లిప్పు ఎక్కడిది? రాత్రి టెన్షన్‌తో ఇంటికి ఫోన్ చేశాను. "రేపు సంఘం కూడుతది బిడ్డా, నువ్వు చదువుకో" అన్నది అమ్మ.

ఆగలేక పొద్దున్నే బస్సెక్కాను. బడి వరండాలో చాపల మీద ఆడవాళ్లంతా కూర్చున్నారు, మధ్యలో రిజిస్టరు, పైసల పెట్టె. నెలకు వంద చొప్పున ఆరేళ్లు కట్టిన అమ్మ పొదుపు 7,200. మా సంఘంలో దానికి మూడింతల దాకా అప్పిస్తారు. ఎందుకని అడిగారు, అమ్మ చెప్పింది. మా చిన్నమ్మ జమానతు సంతకం పెట్టింది. సంతకం రాని ఎదురింటి పెద్దమ్మ వేలిముద్ర వేసి, "పరీక్ష మంచిగ రాయి" అన్నది నాతో. గంటలో 18,000 చేతిలో పెట్టారు. మిత్తి నూటికి నెలకు రూపాయి. ఆ మిత్తిలో ఖర్చులు పోగా మిగిలింది ఏడాది చివర సభ్యుల పొదుపులోనే కలుపుతారు. ఏ బ్యాంకు ఇస్తుంది ఇట్లా?

మా దిక్కు ఇది కొత్తేం కాదు. ముల్కనూరు రైతులు 1956లో పెట్టుకున్న సహకార సంఘం ఇప్పటికీ నడుస్తోంది. 1995లో మ్యాక్స్ చట్టం (పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం) వచ్చాక, సర్కారు పెత్తనం లేకుండా సంఘాలు పెట్టుకునే దారి కూడా దొరికింది.

ఇంకొకటి చెప్పాలి. కాలేజీ గేటు దగ్గర టేబులు వేసి, బ్యాగు ఇస్తామని ఖాతాలు తెరిపించేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. నా రూమ్మేట్ అట్లాగే తెరిచాడు. మినిమమ్ బ్యాలెన్స్ లేదని నెలనెలా కోతలు. పైగా అతని స్కాలర్‌షిప్ కూడా ఆ ఖాతాలోకే పోయింది, ఎందుకంటే ఆధార్ చివరగా ఏ బ్యాంకుకు సీడ్ అయితే, అంటే సర్కారు పైసలు పడే ఖాతాగా లింకైతే, పైసలు అక్కడికే పోతాయి. ఏ బ్యాంకుకు పోయినా 'బేసిక్ సేవింగ్స్ ఖాతా' అని పేరు పెట్టి అడగండి, అందులో మినిమమ్ బ్యాలెన్స్ గొడవ ఉండదు.

సంఘంలో చేరేముందు ఒక్కటి చూసుకోండి. బ్యాంకు డిపాజిట్లకు 5 లక్షల దాకా బీమా ఉంటుంది, ఊరి పొదుపు సంఘానికి ఆ బీమా లేదు. ఏటా ఆడిట్ అవుతుందా, మహాసభలో లెక్కలు అందరి ముందు చదువుతారా అని సంఘంవాళ్లను అడగండి. చదవకపోతే ఆ సంఘంలో ఒక్క రూపాయి కూడా కట్టొద్దు.