పైన మడత, మూలన మరక: పాత స్టూడియో మానిటర్లపై మీ ప్రశ్నలకు జవాబులు

పాత పెళ్లి కేసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించే పని మళ్లీ ఊపందుకోవడంతో, అటక మీదున్న పిక్చర్ ట్యూబు మానిటర్లు కిందికి దిగుతున్నాయి. ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ వాటి గురించే.

ప్రశ్న: మా 14 అంగుళాల మానిటర్ ఆన్ చేసిన కొత్తలో బొమ్మ పైభాగం రెండు వేళ్ల మందాన మడతపడి, తెల్లగీతలు కనిపిస్తాయి. అరగంటకి చాలావరకు సర్దుకుంటుంది. మెకానిక్ వర్టికల్ ఐసీ మార్చాలంటున్నాడు. మార్పించమంటారా?
– ఒక పాఠకుడు, పాలకొల్లు

జవాబు: వర్టికల్ ఐసీ అంటే తెర మీద బొమ్మ గీసే కిరణాన్ని పైకీ కిందికీ నడిపే చిప్పు. దాని జోలికి ఇప్పుడే వెళ్లకండి. ‘అరగంటకి సర్దుకుంటుంది’ అని రాశారు చూడండి, అసలు ఆధారం అదే. వేడెక్కితే తగ్గే లోపానికి ముందు ఎలక్ట్రోలైటిక్ కండెన్సర్‌ని అనుమానించాలి. లోపలి ద్రవం ఎండిపోయినది చల్లగా ఉన్నప్పుడు సరిగా పనిచేయదు, వేడి తగిలాక కొంత కోలుకుంటుంది. ఐసీ పోతున్నా, సోల్డరింగ్ వదులైనా సాధారణంగా వరస తిరగబడుతుంది: మొదట బాగుండి, పోనుపోను చెడుతుంది.

మడత పైనే ఎందుకు పడుతుందంటే, పాల్ అనే టీవీ పద్ధతిలో ఒక్కో ఫీల్డుకి, అంటే కిరణం తెరను పైనుంచి కిందికి ఒకసారి గీసి మళ్లీ పైకి చేరడానికి, 20 మిల్లీసెకన్లు. కిరణం అడుగుదాకా వచ్చాక మళ్లీ పైకి చేరడానికి దొరికేది 25 గీతల సమయం, అంటే 1.6 మిల్లీసెకన్లే. ఆ కాసేపు ఐసీకి మామూలు సప్లై చాలదు. దాదాపు రెట్టింపు వోల్టేజీని పక్కనున్న పంప్-అప్ కండెన్సర్ అందిస్తుంది. అది నీరసిస్తే కిరణం పైకి చేరకముందే బొమ్మ మొదలైపోయి, పైగీతలు ఒకదానిమీద ఒకటి పడతాయి.

వర్టికల్ ఐసీ కాళ్ల దగ్గర చిన్న డయోడుతో కలిసి ఉండే కండెన్సర్ అది. చాలా సెట్లలో 100 మైక్రోఫారడ్లు, 35 లేదా 50 వోల్టులు. మడత ఉన్నప్పుడే, లోపల దేన్నీ తాకకుండా, హెయిర్ డ్రయ్యర్ గాలి ఒక నిమిషం దానిమీదకే పట్టించండి. మడత తగ్గితే దొంగ దొరికినట్టే. కొత్తది అదే మైక్రోఫారడ్లలో, అంతే వోల్టేజీ లేదా ఒక మెట్టు ఎక్కువలో, 105 డిగ్రీల రకం వేయించండి. ప్లస్, మైనస్ తారుమారు కాకూడదు. చేతిలో పనేగా, ఐసీ కాళ్లన్నిటికీ కొత్త సోల్డర్ పెట్టించండి. బొమ్మ ఎత్తును సరిచేసే హైట్ ప్రీసెట్‌ను మాత్రం ఈలోగా తిప్పనివ్వకండి. అసలు లోపం పోయాక కొలతలన్నీ మళ్లీ సరిచేయాల్సి వస్తుంది.

ఎప్పుడైనా బొమ్మంతా కుంచించుకుపోయి మధ్యలో ఒకే అడ్డగీతగా మెరిస్తే వెంటనే బ్రైట్‌నెస్ తగ్గించి సెట్ ఆపేయండి. తెర లోపల వెలిగే ఫాస్ఫర్ పూత అక్కడే కాలిపోతుంది, ఆ మచ్చ ఇక పోదు.

ప్రశ్న: వానాకాలం పొద్దున్నే ఆన్ చేస్తే వెనకాల ‘చిర్ర్’మని చప్పుడు, చీకట్లో నీలం వెలుగు, ఘాటైన వాసన. బొమ్మ ఉండుండి మిణుకుమంటుంది.
– ఒక పాఠకుడు, అంతర్వేది

జవాబు: సముద్రపు గాలికి దగ్గరున్నవాళ్లకి ఇది తరచూ వచ్చేదే. పిక్చర్ ట్యూబు నెత్తిన రబ్బరు టోపీ కింద 20 వేల వోల్టుల పైచిలుకు ఉంటుంది. దాని చుట్టూ దుమ్ము, ఉప్పు పేరుకుని ఉంటే తేమ తగిలేసరికి కరెంటు గాజు మీదుగా పాకుతుంది. ఆ వాసన ఓజోన్‌ది.

శుభ్రం చేయడం తేలికే, దానికి ముందు చేయాల్సినదే ప్రాణాల మీది సంగతి. ప్లగ్గు పీకేయండి. ఒక వైరు చివర ట్యూబు వెనక నల్లపూతకి ఆనుకుని ఉన్న అల్లిక తీగకి కట్టి, రెండో చివర ప్లాస్టిక్ పిడి ఉన్న స్క్రూడ్రైవర్‌కి బిగించండి. ఒక చెయ్యి వెనక్కి పెట్టుకుని, స్క్రూడ్రైవర్ మొనని రబ్బరు కిందికి, లోపలి లోహం తగిలేదాకా పోనివ్వండి. ఐదు నిమిషాలాగి ఇంకోసారి చేయండి, ఛార్జి మళ్లీ పుంజుకుంటుంది. సప్లై బోర్డు మీది పెద్ద కండెన్సర్‌లోనూ 300 వోల్టులకు పైగా నిలవుండొచ్చు, మీటరుతో చూసుకోండి.

ఆ తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో రబ్బరు లోపలివైపు, దాని చుట్టూ ఉన్న గాజు తుడవండి. నల్లపూతని గీకకండి. పూర్తిగా ఆరాకే కరెంటు ఇవ్వాలి. నిప్పురవ్వ రబ్బరు దగ్గర కాక ట్యూబుకి ఆ వేల వోల్టులు అందించే ఈహెచ్‌టీ ట్రాన్స్‌ఫార్మర్ ఒంటిమీది పగులు నుంచి వస్తుంటే దాన్ని మార్చాల్సిందే. పగులుకి ఎం-సీల్ పూయడం వల్ల ఉపయోగం లేదు.

ప్రశ్న: బొమ్మ మరీ తెల్లబారి, ముఖాలు పాలిపోయినట్టున్నాయి. కాంట్రాస్ట్ బాగా తగ్గిస్తేగానీ చూడలేం. ట్యూబు పోయిందా?
– ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: పోలేదమ్మా. వెనక వీడియో అవుట్ సాకెట్లో ఖాళీ కేబుల్ ఏదైనా వేలాడుతోందేమో చూడండి. చాలా మానిటర్లలో అక్కడ కేబుల్ పెట్టగానే లోపలి 75 ఓమ్‌ల టెర్మినేషన్ (సిగ్నల్ దారి చివర ఉండే రెసిస్టర్) దానంతటదే తప్పుకుంటుంది. అప్పుడు 1 వోల్టు రావాల్సిన సిగ్నల్ దాదాపు 2 వోల్టులై వస్తుంది. ఆ కేబుల్ తీసేయండి. టెర్మినేషన్‌కి విడిగా స్విచ్ ఉంటే 75 వైపు పెట్టండి. దీనికి భిన్నంగా బొమ్మ మసకబారితే రెండుచోట్ల టెర్మినేషన్ పడినట్టు. సిగ్నల్ మూడింట రెండొంతులకు పడిపోతుంది.

ప్రశ్న: షాపు మారాక తెర మూలన ఆకుపచ్చ మరక వచ్చింది. తెరకి అడ్డంగా సన్నటి నీడగీత కూడా కనిపిస్తోంది.
– ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: నీడగీత లోపం కాదు. మీది సోనీ ట్రినిట్రాన్ రకం ట్యూబై ఉంటుంది. వాటిలో నిలువు తీగల వరస అదరకుండా అడ్డంగా కట్టిన సన్నతీగ అది; పెద్ద తెరల్లో రెండుంటాయి. మరక మాత్రం అయస్కాంతం పని. పక్కన స్పీకరుంటే దూరం జరిపి, అయస్కాంత ప్రభావాన్ని పోగొట్టే డీగాస్ బటన్ ఒకసారి నొక్కండి. మరక మిగిలితే 20 నిమిషాలాగి మళ్లీ నొక్కండి. వేడిని బట్టి కరెంటును అదుపు చేసే లోపలి థర్మిస్టర్ చల్లారకుండా ఎన్నిసార్లు నొక్కినా పనిచేయదు. నొక్కినప్పుడు ‘భుమ్’ అనే చప్పుడే లేకపోతే ఆ థర్మిస్టర్‌ని, దాని సోల్డరింగ్‌ని చూపించండి.