ఎంప్టీ ఎక్కడ పడింది?

ఎర్రముక్కపల్లె,
కడప.

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివినా. మొదటిసారి ఒక్క బిగిన చదివి బాగుందనుకున్నా. రెండోసారి పెన్సిల్ పట్టుకుని కూర్చుంటే రెండో పేజీలోనే ఆగిపోయినా. ‘రివాల్వర్ పేలింది, ఖాళీ తూటా ఎగిరి చీనీ చెట్టు మొదట్లో పడింది’ అని రాసినావు. తల్లీ, రివాల్వర్ ఖాళీలను, అంటే పేలినాక మిగిలే ఇత్తడి గొట్టాలను (పోలీసులు ఎంప్టీలంటారు), ఎగరెయ్యదు. ఆరు పేల్చితే ఆరూ దాని గుండ్రటి సిలిండర్‌లోనే ఉంటాయి, మనం తెరిచి రాల్చుకోవాల్సిందే. మూడో పేజీకి వచ్చేసరికి అదే ఆయుధం పిస్టల్ అయింది. పాత్రల పేర్లు ఇట్లా మారిస్తే ఊరుకుంటామా?

నీ గన్‌మెన్ ఏఆర్ (సాయుధ రిజర్వు) కానిస్టేబులు కాబట్టి 9 ఎంఎం పిస్టల్ అని ఖాయం చేసుకో. పాతరకమైతే మేగజైన్‌లో, అంటే పిడిలో దూర్చే తూటాల పెట్టెలో, 13 తూటాలు పడతాయి. అదే ఏ నాపరాయి గనుల యజమాని చేతిలోనో పెట్టి ఉంటే .32 బోరు పిస్టల్ అని రాయమనేవాణ్ణి, 9 ఎంఎం మామూలు లైసెన్సు మీద ఇయ్యరు. మన పోలీసుల పాత 9 ఎంఎంకు మూలం బ్రౌనింగ్ అనే అమెరికా ఆయన మొదలుపెట్టిన నమూనా. ఆయన 1926లో పోతే సైవ్ అనే ఆయన పూర్తి చేసినాడు, 1935లో బయటికొచ్చింది. రోజూ సాయంత్రం బ్రౌన్ దొర గ్రంథాలయంలో కూర్చునే నాకు ఈ బ్రౌనింగ్ పేరు కనపడినప్పుడల్లా నవ్వొస్తుంది. ఇద్దరికీ చుట్టరికం ఏమీ లేదులే.

అసలు సంగతికి వస్తా. నీ కథ మలుపు తిరిగేది పిస్టల్ మొరాయించడం మీద. దాన్ని నువ్వు ‘విధి అడ్డుపడినట్టు జామ్ అయింది’ అని ఒక్క వాక్యంలో దాటేసినావు. నాకు కోపం వచ్చింది ఇక్కడే. మా మేనమామ రిజర్వు పోలీసులో ఆర్మరర్‌గా, అంటే తుపాకులు బాగుచేసేవాడిగా, పనిచేసినాడు. పాడైన పిస్టల్ తెచ్చి ఎవరైనా ‘దానంతట అదే జామ్ అయింది సార్’ అంటే ఆయనకు ఒళ్లు మండేది. ‘దానంతట అది ఏమీ కాదురా. ఎంప్టీ యాడ పడిందో చెప్పు, దాని యవ్వారం నేను చెప్తా’ అనేవాడు.

ఫైరింగ్ ప్రాక్టీసులో ఆయన టార్గెట్ వైపు చూసేవాడే కాదంట, ఎంప్టీలు రాలే చోటే చూసేవాడంట. తూటా పేలగానే స్లైడ్, అంటే పిస్టల్ పైన జారే భాగం, వెనక్కి పోతుంది. పోతూ పోతూ ఎక్స్‌ట్రాక్టర్ అనే చిన్న కొక్కెం ఖాళీ ఇత్తడి గొట్టాన్ని అంచు పట్టి తూటా కూర్చునే గదిలోంచి లాగుతుంది, బావిలో పడిన చేదను గాలంతో లాగినట్టు. వెనక ఎజెక్టర్ అనే మొండి ముక్క ఉంటుంది. ఖాళీ అడుగు దానికి కొట్టుకుని కుడిపక్క కిటికీలోంచి బయటికి ఎగురుతుంది. స్ప్రింగు స్లైడ్‌ను ముందుకు తోస్తే కొత్త తూటా ఎక్కుతుంది. అన్నీ బాగుంటే ఎంప్టీలు కుడిపక్కన ఇంచుమించు ఒకేచోట కుప్ప పడతాయి. ఒకటి నెత్తిన, ఒకటి కాళ్ల దగ్గర పడుతుంటే కొక్కెం అరిగిందనో, దాని స్ప్రింగు సడలిందనో, కొక్కెం కింద మసి పేరుకుందనో మామ అనుమానం.

ఖాళీ గదిలోనే ఇరుక్కుంటే అది వేరే జబ్బు. పేలినప్పుడు ఇత్తడి ఉబ్బి గది గోడలకు అతుక్కుని మళ్లీ ముడుచుకుంటుంది. గోడకు తుప్పో మసో ఉంటే వదలదు, కొక్కెం అంచును జారవిడుస్తుంది. అప్పుడు స్లైడ్ ఇంకో తూటాను తెచ్చి దాని వెనక కుక్కుతుంది. మేగజైన్ ఊడబీకి, స్లైడ్‌ను నాలుగైదుసార్లు లాగితే తప్ప తెగదు. చీకట్లో, చేతులు వణుకుతుంటే అదొక యుగం. మన ఎండలకు నడుము చెమట తగిలి తుప్పు పట్టడం మామూలే. తుప్పుకు భయపడి నూనె దండిగా పోసేవాళ్లు ఇంకో రకం. ఆ నూనెలో ధూళి కలిసి పిండి ముద్దయి స్లైడ్ పరుగును చంపుతుంది. నాపరాయి పాలిష్ ఫ్యాక్టరీల మధ్య తిరిగే నీ గన్‌మెన్‌కు ఇదీ సరిపోతుంది.

కానీ నేను నీకు ఇవ్వాలనుకుంటున్నది మూడోది. ఖాళీ సగం బయటికొచ్చి, మూసుకుంటున్న స్లైడ్ నోట్లో చిక్కి నిటారుగా నిలబడుతుంది. పొయ్యి మీద పొగగొట్టంలా కనపడుతుందని ‘స్టవ్‌పైప్’ అని పేరు పెట్టినారు. తూటాలో మందు బలం తగ్గినా ఇట్లా అవుతుంది, ఎజెక్టర్ అరిగినా అవుతుంది. ఇంకో కారణం ఉంది, మనిషి మణికట్టు. స్లైడ్ పూర్తిగా వెనక్కి పోవాలంటే కింది భాగం కదలకుండా ఎవరో గట్టిగా పట్టుకోవాలి. చెయ్యి మెత్తబడితే పిస్టల్ మొత్తం వెనక్కి ఊగుతుంది, స్లైడ్ ఊపు తగ్గుతుంది, ఖాళీకి దెబ్బ సరిగా తగలదు. తేలికైన ప్లాస్టిక్ ఫ్రేమ్ పిస్టళ్లలో ఇది ఎక్కువ, బరువైన ఇనుప వాటిలో తక్కువ. అందుకని నీవాడి చేతికి కొత్తరకం పిస్టల్ ఇచ్చినా తప్పు లేదు.

ఇప్పుడు నీ కథ చూడు. వాడు కాల్చాల్సింది చిన్నప్పుడు తనతో పెన్నలో ఈత కొట్టినవాణ్ణి. మొదటి తూటా గురి తప్పింది, రెండోది పేలలేదు. ఎందుకు పేలలేదు? వాడి చెయ్యి మెత్తబడింది. మనసులో మాట వాడు పైకి అనలేదు, మణికట్టు అనేసింది. ఈ ముక్క నువ్వు ఎక్కడా విప్పి చెప్పొద్దు. ఎంప్టీ నిలబడిందని రాసి ఊరుకో. తెలిసినవాడికి తెలుస్తుంది, తెలియనివాడు కథతో పాటు పోతాడు.

చిన్నవి రెండు. ‘టప్‌మని మెత్తగా పేలింది, మళ్లీ కాల్చాడు’ అన్నావు చూడు, అది కొట్టెయ్యి. చప్పుడు మెత్తగా వస్తే గుండు గొట్టంలోనే ఇరుక్కుని ఉండొచ్చు, మళ్లీ కాలిస్తే చెయ్యి పోతుంది. రెండోది, ఖాళీ ‘ఖంగున మోగింది’ అన్నావు. అది చీనీ తోట, కింద దున్నిన మన్ను. మోగదు. మోగాలంటే వాణ్ణి మీ ఇంటి వసారాలో కడప బండల మీద నిలబెట్టు.

పోలీసు ప్రాక్టీసులో ఎంప్టీలన్నీ ఏరి లెక్క ఒప్పజెప్పాలని నీకు తెలుసో లేదో. బయట కాల్చినా ప్రతి తూటాకూ జవాబు చెప్పాలి. స్లైడ్ లాగి విదిలించినప్పుడు ఆ నిలబడిన ఖాళీ చీకట్లో ఎక్కడో రాలింది. తెల్లారేలోగా నీవాడు సెల్‌ఫోను లైటు వేసుకుని చీనీ పాదుల్లో దాన్ని వెతుక్కోవాలి. నువ్వు ఎనిమిదో పేజీలో వాణ్ణి నేరుగా ఇంటికి పంపి నిద్రపుచ్చినావు. ఆ పేజీ చించేసి, తోటలో వెతకడం రాసి పంపు. చదవడానికి నేను ఇక్కడే ఉంటా, కళ్ల ఆపరేషను వచ్చే నెలకు వాయిదా పడింది.

మీ నాయనను అడిగినానని చెప్పు.

ఇట్లు,
నీ పెద్దాయన