చలికాలపు ఆయాసం: చలి వల్లా, పొగ వల్లా?

ప్రశ్న: మాది ఆదిలాబాద్ జిల్లాలో ఒక పల్లె. మా అమ్మకు 58 ఏళ్లు. గ్యాస్ వచ్చేదాకా ముప్పై ఏళ్లకు పైగా కట్టెల పొయ్యి మీదే వండింది. ఏటా కార్తీకం నుంచి సంక్రాంతి దాటేదాకా దగ్గు, ఆయాసం, రాత్రిళ్లు పిల్లికూతలు వస్తున్నాయి. తెల్లవారుజామున చలిమంట దగ్గర కూర్చుంటుంది, రాత్రి గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని తలుపులు మూసుకుంటుంది. డాక్టరుగారు ఇన్‌హేలర్ రాసిచ్చారు గాని, అలవాటైపోతుందని ఎవరో చెప్పడంతో మానేసింది. ఇదంతా చలి వల్లేనా? ఏం చేయాలి?
- ఒక పాఠకురాలు

జవాబు: అన్నిటికంటే ముందు ఆ కుంపటిని ఈ రాత్రికే గదిలోంచి తీయించండి. మూసిన గదిలో బొగ్గులు కాలుతున్నప్పుడు వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు గాని, వాసన గాని ఉండదు. అది రక్తంలో ఆక్సిజన్‌ను మోయవలసిన హిమోగ్లోబిన్‌ను పట్టేసుకుంటుంది కనుక, నిద్రలో ఉన్న మనిషికి మెలకువైనా రాకుండానే ప్రాణం పోవచ్చు. వెచ్చదనానికి స్వెటరు, మేజోళ్లు, మందపాటి రగ్గు చాలు.

ఇక చలి సంగతి. మనం పీల్చిన గాలిని ముక్కు దాదాపు ఒంటి వేడికి తెచ్చి, తడి చేర్చి లోపలికి పంపుతుంది. ఆయాసంతో నోటితో పీల్చేవారికి ఆ రక్షణ తగ్గి, చల్లని పొడిగాలి తగిలి, అప్పటికే వాచి ఉన్న శ్వాసనాళాలు బిగుసుకుంటాయి. బయటికి వెళ్లేటప్పుడు ముక్కు, నోరు కప్పేలా మఫ్లర్ చుట్టుకోవడం అందుకే మంచిది. అయితే మీరు రాసినదాన్ని బట్టి నాకు చలి కన్నా పొగ మీదే ఎక్కువ అనుమానం. సిగరెట్ ముట్టని ఆడవాళ్లకు మన పల్లెల్లో సీఓపీడీ (శ్వాసనాళాలు శాశ్వతంగా ఇరుకై ఊపిరి ఆడనివ్వని దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) రావడానికి ఏళ్ల తరబడి పీల్చిన పొయ్యి పొగ ఒక ముఖ్య కారణం. పైగా శీతాకాలపు ఉదయాల్లో నేలను ఆనుకున్న గాలి చల్లగా, దాని పైగాలి వెచ్చగా ఉండడం వల్ల పొగ పైకి లేవలేక మన ముక్కు ఎత్తునే నిలిచిపోతుంది. సరిగ్గా ఆ వేళకే మీ అమ్మగారు మంట పక్కన కూర్చుంటున్నారు. ఎండ పొడిచాక అరుగు మీద కూర్చోమనండి. భోగి మంటలకు, ముఖ్యంగా టైర్లు, ప్లాస్టిక్ వేసే మంటలకు, ఆమెను దూరంగా ఉంచండి.

ఇన్‌హేలర్ అలవాటైపోతుందన్న మాట ఎందరి చేతనో మందు మాన్పించి ఆసుపత్రి పాలు చేసింది, అందుకే గట్టిగా చెబుతున్నాను: అది వ్యసనం కాదు. బిగుసుకున్న శ్వాసనాళాలను వదులుచేసే సాల్బుటమాల్ మందు మాత్ర ఒకటి 4 మిల్లీగ్రాములైతే, ఇన్‌హేలర్ ఒక్కసారి నొక్కితే వచ్చేది 100 మైక్రోగ్రాములు, అంటే మాత్రలో నలభయ్యో వంతు. అదీ నేరుగా ఊపిరితిత్తులకే చేరుతుంది. రోజూ వాడమని రాసిచ్చిన మందును ఆయాసం లేని రోజు కూడా వాడాలి. పీల్చడం, నొక్కడం ఒకేసారి కుదరకపోతే ఇన్‌హేలర్‌కు తగిలించి, అందులోంచి మందును నెమ్మదిగా పీల్చుకునే స్పేసర్ అనే గొట్టాన్ని అడగండి. స్టెరాయిడ్ ఉన్న ఇన్‌హేలర్ అయితే వాడిన ప్రతిసారీ నోరు పుక్కిలించి ఉమ్మేయాలి.

ఇది ఉబ్బసమా, సీఓపీడీయా అన్నది గొట్టంలోకి గట్టిగా ఊదించి ఊపిరి బలాన్ని కొలిచే స్పైరోమెట్రీ పరీక్షతో తేల్చుకోవచ్చు. దగ్గు రెండు వారాలు దాటితే క్షయ కాదని నిర్ధారించుకోవడానికి ప్రభుత్వ ఆసుపత్రిలో కళ్లె పరీక్ష చేయించండి. ఏటా ఇచ్చే ఫ్లూ టీకా గురించి, అలాగే న్యుమోనియా టీకా గురించి కూడా మీ డాక్టరుగారిని అడగండి. మాట పూర్తిచేయలేనంత ఆయాసం వచ్చినా, పెదవులు నీలం తిరిగినా, మగతగా ఉన్నా తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

ప్రశ్న: హైదరాబాద్‌లో రోజూ ఉదయం ఐదింటికి నడుస్తాను. పొగమంచులో నడక మానాలా? ఆవిరి పడితే ఊపిరితిత్తులు శుభ్రపడతాయా?
- ఒక పాఠకుడు

జవాబు: నడక మానకండి, వేళ మార్చండి. ఎండెక్కి మంచు విడిపోయాక నేల దగ్గర నిలిచిన పొగ, దుమ్ము కూడా చాలావరకు చెదిరిపోతాయి. వాహనాల రద్దీ ఉన్న రోడ్డు కన్నా పార్కు మేలు. ఆవిరి ముక్కుదిబ్బడకు, గొంతుకు హాయినిస్తుంది గాని ఊపిరితిత్తులను కడగలేదు. మరుగుతున్న గిన్నె ఒలికి ఒళ్లు కాలే ప్రమాదం ఉంది కనుక పిల్లలకు అలా పట్టించకండి.