పని నచ్చలేదని చెక్కు ఆపేయవచ్చా?

ప్రశ్న: మా ఫ్లాట్‌లో వంటగది, అల్మారాల పనికి ఒక సంస్థతో రూ.6 లక్షలకు ఒప్పందం చేసుకున్నాం. రెండు లక్షలు అడ్వాన్సు ఇచ్చి, మిగతాదానికి లక్ష చొప్పున నాలుగు పోస్ట్‌డేటెడ్ చెక్కులు రాసిచ్చాను. రెండు చెక్కుల డబ్బు వాళ్లకు చేరింది. చెప్పిన ప్లైవుడ్ వాడలేదు, పనీ సగంలో ఆగింది. మూడో చెక్కు తేదీ వచ్చే నెల 5. బ్యాంకుకు స్టాప్ పేమెంట్ రాసిస్తే సరిపోతుందా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: చెక్కు ఆపమని బ్యాంకుకు రాసివ్వవచ్చు. కానీ అంతటితో సరిపోదు. ఖాతాలో డబ్బుంటే బౌన్స్ కేసు రాదని చాలామంది ధీమాగా ఉంటారు. స్టాప్ పేమెంట్‌తో తిరిగొచ్చిన చెక్కుకూ నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 వర్తిస్తుందని 1998లోనే మోదీ సిమెంట్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నేరం రుజువైతే రెండేళ్ల వరకు జైలు, లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు వరకు జరిమానా, లేదా రెండూ.

మీకు పనికొచ్చేది 2001 నాటి మెడ్చల్ కెమికల్స్ తీర్పు. చెక్కు వచ్చిననాడు ఖాతాలో సరిపడా డబ్బుండి, ఆ మొత్తం అప్పటికి మీరు బాకీ లేరని చూపగలిగితే నేరం నిలవదు. అయితే చూపాల్సింది మీరే. కోర్టు మొదట చెక్కు చేతిలో ఉన్నవారి వైపే మొగ్గుతుంది. అందుకే ఆ లక్ష రూపాయలను ఖాతాలోంచి కదపకండి. వాటితో వేరే వడ్రంగిని పెట్టుకోవాలని అనిపిస్తుంది, ఆగండి.

అంతకన్నా ముఖ్యం, 5వ తేదీలోపు ఆ సంస్థకు స్పీడ్ పోస్టులో లేఖ పంపడం. ఒప్పందంలో ఏముంది, ఏం వాడారు, ఏ పని మిగిలింది అన్నీ రాసి, ఫొటోలు జతచేసి, మిగిలిన రెండు చెక్కులనూ బ్యాంకులో వేయవద్దని, తిరిగి ఇవ్వమని అడగండి. చెక్కు వెనక్కి వచ్చాక రాసే ఫిర్యాదు సాకులాగే కనిపిస్తుంది. జరిగిన పనికి నిజంగా కొంత బాకీ ఉంటే, అంతవరకు ఇప్పుడే బ్యాంకు ద్వారా పంపి, ఆ సంగతీ లేఖలో చేర్చండి. అలా కొంత కట్టాక కూడా పూర్తి మొత్తానికి చెక్కు వేస్తే 138 కేసు నిలవదని 2022లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

చెక్కు తిరిగొచ్చిందని తెలిసిన 30 రోజుల్లో వాళ్లు నోటీసు పంపాలి. అది అందాక మీకు 15 రోజుల గడువు. పోస్ట్‌మన్‌ను వెనక్కి పంపితే తప్పించుకోలేరు, అందినట్టే లెక్క. ఈ గడువులోనే కట్టడమో, న్యాయవాదితో జవాబు ఇప్పించడమో చేయాలి. డబ్బు కట్టకపోతే కేసు వేయడానికి వాళ్లకు ఇంకో నెల ఉంటుంది. విచారణ సాగుతుండగానే చెక్కు మొత్తంలో 20 శాతం దాకా మధ్యంతర పరిహారంగా కట్టమని కోర్టు ఆదేశించవచ్చు.

తగాదా ఇరవై, ముప్పై వేల దగ్గరే ఉంటే నేనైతే చెక్కు ఆపమనను. డబ్బు వెళ్లనిచ్చి, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లమంటాను. ఆపాలనే నిర్ణయించుకున్నా ఆ ఫిర్యాదు వేయడం మంచిదే. మీరు ఇప్పటిదాకా చెల్లించింది నాలుగు లక్షలే కాబట్టి దానికి రుసుము కూడా ఉండదు.